అమ్మ చెప్పిన సాక్ష్యం

దారిలో ఎవరైనా ఎదురై "బాగుండావా దాసూ" అని అడిగితే నేను వెంటనే జవాబు చెప్పను. ముందు అడిగిన మనిషెవరో చూస్తాను. చేతిలో ఫోనుందా, వెనకాల ఇంకెవరైనా నిలబడి ఉన్నారా అని చూస్తాను. ఆ తర్వాత "ఏదో ఉండాంలే" అంటాను. అడిగినవాళ్ళు మంచికే అడుగుతారు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఆ చిన్న మాటకే నా వీపు మీద చెమట పడుతుంది. జబ్బు నా కాళ్ళను తీసుకుపోయింది. ఆ జబ్బు నిజమేనా కాదా అని తేల్చడానికి పట్టిన కాలం మాత్రం నాలోంచి ఇంకేదో తీసుకుపోయింది. అదేమిటో తెలుసుకోవాలనే ఇది రాస్తున్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. నా తర్వాత మా మండలంలో ఇద్దరికి ఇదే జబ్బు వచ్చింది. వాళ్ళ ఇంటివాళ్ళు వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చారు. ఏం చెయ్యాలి, యాడికి పోవాలి అని అడిగారు. చెప్పడం మొదలుపెడతాను, సగంలో వదిలేసి ఇంకో మాటలోకి పోతాను. రాస్తే ఆ ఇబ్బంది ఉండదనుకున్నాను.

ఆగస్టు

నేను లారీ డ్రైవర్ని. మా ఊరు కమలాపురం దగ్గర, పని మాత్రం మంగంపేటలో. గనిలో ముగ్గురాయి, అదే బెరైటీస్, ఎత్తుకుని, దాన్ని పొడి చేసే మిల్లులకు తోలేవాణ్ణి. ఆ రాయి బరువు తోలినవాళ్ళకే తెలుసు. లారీ సగం కూడా నిండినట్టు కనపడదు, టైర్లు మాత్రం నేలకు అతుక్కుపోయి ఉంటాయి. అట్లాంటి లోడుతో ఒకరోజు వాలులో దిగుతుంటే కుడికాలి చెప్పు జారిపోయిందనిపించింది. వంగి చూస్తే చెప్పు కాలికే ఉంది. నాకు తెలియకుండా పోయింది కాలే. పాదం బ్రేకు మీదే ఉంది, నేను తొక్కుతున్నాననే అనుకుంటున్నాను, బండి మాత్రం నెమ్మదించడం లేదు. చేతిబ్రేకు లాగి, పక్కనున్న మట్టిగుట్టకు బండిని ఆనించి ఆపాను. ఎవరికీ ఏమీ కాలేదు. కిందికి దిగబోయి బొక్కబోర్లా పడ్డాను. పొద్దున్నే వేసుకొచ్చినావా అని తోటి డ్రైవర్లు నవ్వారు. నేనూ నవ్వాను.

మర్నాటికి మోకాళ్ళ దాకా, ఆ మర్నాటికి నడుము దాకా పాకింది. కడపలో చూసినవాళ్ళు ఆలస్యం చేయొద్దని కర్నూలు పెద్దాసుపత్రికి పంపారు. దారిలోనే చేతులు కూడా పోయాయి. ఇది నరాల జబ్బనీ, ఒంటికి కాపలా ఉండాల్సినవే పొరపాటుపడి సొంత నరాల మీద పడతాయనీ ఒక డాక్టరమ్మ సువార్తకు చెప్పింది. సువార్త నా భార్య, మా మేనమామ కూతురు. ఆమె అదంతా విని, "బతుకుతాడా మేడం" అని ఒక్క మాటే అడిగింది. "చూద్దాం" అంది డాక్టరమ్మ.

ఆ చూద్దాం అన్న రోజులు నాకు చెవుల్లోనే గుర్తున్నాయి. గొంతులో గొట్టం, పక్కన ఊపిరి పోసే మిషను. కదల్లేను, మాట్లాడలేను. వినపడ్డం మాత్రం మానలేదు. పక్క మంచం ఖాళీ అయినప్పుడు చక్రాల చప్పుడు, మళ్ళీ ఎవరినో తెచ్చి వేసినప్పుడు చక్రాల చప్పుడు. కళ్ళల్లోంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోయేవి. తుడుచుకోలేను. వార్డు ఊడ్చే అక్క ఒకామె నా మంచం దగ్గరికి వచ్చినప్పుడల్లా చీపురు గోడకానించి, కొంగుతో నా చెవులు తుడిచి పోయేది. ఒక్క మాట కూడా మాట్లాడేది కాదు. ఆమె ముఖం నేను సరిగా చూడలేదు, మెడ తిప్పలేను గదా. ఇప్పుడు ఎదురైనా గుర్తుపట్టలేనన్న బాధ నాకుంది.

మా అమ్మ రాహేలమ్మ బయట వరండాలో చాప వేసుకుని ఉండేది. రోజుకొకసారి లోపలికి రానిచ్చేవాళ్ళు. ఒకనాడు వచ్చి నా చెవి దగ్గర వంగి చెప్పింది. "దాసూ, దేవునికి మాటిచ్చినా నాయనా. నువ్వు మన గుడిలో నీ కాళ్ళ మీద నడిస్తే, సంఘమంతటినీ కూచోబెట్టి అన్నం పెడతా. అందరి ముందర సాక్ష్యం చెప్తా." నేను విన్నాను. సరే అనడానికీ వద్దనడానికీ నాకు నోరు లేదు.

మా గుళ్ళలో, అంటే చర్చిల్లో, సాక్ష్యం అంటే ఏమిటో తెలియనివాళ్ళకు చెప్పాలి. ఆదివారం ఆరాధనలో పాటలయ్యాక, ఎవరైనా సాక్ష్యం చెప్పేవాళ్ళున్నారా అని పాస్టరు అయ్యగారు అడుగుతారు. దేవుడు చేసిన మేలును లేచి నిలబడి పదిమందిలో చెప్పాలి. జ్వరం తగ్గినా చెబుతారు, బోరులో నీళ్ళు పడినా చెబుతారు. మేలు పొంది నోరు మూసుకుని కూర్చుంటే ఆ మేలు నిలవదని మా అమ్మ నమ్మకం. మా అవ్వ నమ్మకం కూడా అదే.

ఊపిరి తిరిగి వచ్చింది. వేళ్ళు వచ్చాయి, చేతులు వచ్చాయి. క్రిస్మస్ లోపల ఇంటికి తెచ్చారు. మోకాళ్ళ కింద మాత్రం రాలేదు. పాదాలు రెండూ వేలాడిపోయాయి. లేచి నిలబడితే వేళ్ళు నేలకు రాసుకుంటాయి, అడుగెత్తితే పాదం పైకి రాదు. కాళ్ళకు పిక్కల దాకా ప్లాస్టిక్ పట్టీలు చేయించి బిగించారు. వాటిని చూసి సువార్త, "నాకు కొనియ్యని పట్టీలు నువ్వు పెట్టుకుంటాండావా బావా" అంది. ఇంటికొచ్చాక నేను మొదటిసారి నవ్వింది అప్పుడే.

మార్చి

నా డ్రైవరు పని పోయింది. పోయిందని ఎవరూ చెప్పలేదు, ఫోను రావడం ఆగిపోయింది. సువార్త కమలాపురంలో ఒక శెట్టిగారి అంగట్లో పప్పులు చెరిగే పనికి కుదిరింది. శెట్టిగారు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఒకరోజు అంగట్లోని పాత ప్లాస్టిక్ కుర్చీకి తానే మధ్యలో గుండ్రంగా కోసి, అంచులు గీసుకోకుండా గుడ్డ చుట్టి, "మీ ఆయనకు దొడ్డికి పనికొస్తాదిలేమ్మా" అని ఆటోలో పంపించాడు. ఆ కుర్చీ వచ్చేదాకా నన్ను ఎత్తి కూర్చోబెట్టింది మా అమ్మ, సువార్త. ఆ కోసిన కుర్చీని చూసి నేను ఏడ్చాను. సిగ్గుపడి కాదు, సిగ్గు తప్పినందుకు.

కానీ పప్పు చెరిగిన కూలితో మందులు, ఇల్లు, ఇద్దరు ఆడపిల్లల చదువు సాగే దారి లేదు. కోడూరులో ఉండే సువార్త పిన్ని కూతురు కువైట్‌లో ఇంటిపని చేస్తుంది. "నువ్వూ వచ్చెయ్, నేను మాట్లాడతా" అని ఆమె ఫోను చేసింది. సువార్త నా ఎదురుగా ఏమీ అనలేదు, పాస్‌పోర్టుకు మాత్రం పెట్టింది. నాకు వికలాంగుల పింఛను వస్తే పోనని, రాకపోతే పోక తప్పదని ఒక మధ్యాహ్నం అమ్మతో చెబుతుంటే విన్నాను. నా చెవులకు అలవాటైపోయింది, అన్నీ వింటాయి. సువార్త పోతే నన్ను ఎత్తేది ఎవరు, పిల్లలకు అన్నం పెట్టేది ఎవరు? అరవై దాటిన మా అమ్మ. పింఛనంటే మాకు సువార్త ఇంట్లో ఉండడం.

పింఛనుకు ముందు సదరం సర్టిఫికెట్ కావాలి, వైకల్యం ఎంతుందో డాక్టర్లు చూసి రాసిచ్చేది. ఆ క్యాంపుకు స్లాటు దొరకాలి. మా ఊరి సచివాలయంలో లావణ్య అని ఒక పిల్ల పనిచేస్తుంది. స్లాట్లు తెరిచిన రోజు తెల్లవారే కంప్యూటరు ముందు కూర్చుని చూసేది, "అయిపోయినాయి అన్నా" అని ముఖం చిన్నబుచ్చుకుని చెప్పేది. కడకు ఎండలు ముదిరే వేళకు స్లాటు దొరికింది.

ఆ క్యాంపు వరండాను నేను మరచిపోలేను. కాళ్ళు లేనివాళ్ళు, చూపు లేనివాళ్ళు, తల నిలపలేని బిడ్డలను ఒళ్ళో వేసుకున్న తల్లులు. ఎవరూ గట్టిగా మాట్లాడరు. అందరి కళ్ళూ పక్కవాళ్ళ ఒంటిని కొలుస్తుంటాయి. వీడికి నాకంటే ఎక్కువుందా, తక్కువుందా అని. నేనూ కొలిచాను. నా పక్కన మస్తానన్న అని పోలియో కాలు మనిషి కూర్చున్నాడు. చిన్నప్పటి నుంచి ఇట్లాంటి వరండాల్లో కూర్చున్న అనుభవం ఆయనది. తన బాటిల్లోని నీళ్ళు నాకిచ్చి, నెమ్మదిగా చెప్పాడు.

"చూడప్పా, లోపల డాక్టరు ఎట్లుండావని అడుగుతాడు. బాగుండా అనొద్దు. మనోళ్ళకు అదొక రోగం. ప్రాణం పోతాన్నా బాగుండాం అంటాం."

నేను తలూపాను. లోపలికి పోయాను. డాక్టరు చిన్నవాడు, అలసిపోయి ఉన్నాడు. నా పాదం పట్టుకుని అటూ ఇటూ తిప్పి, తల పైకెత్తి నా ముఖంలోకి చూసి ప్రేమగానే అడిగాడు. "ఎట్లుందప్పా ఇప్పుడు?"

"దేవుని దయవల్ల బాగుండా సార్."

నోట్లోంచి వచ్చేసింది. ఎట్లున్నారంటే మా ఇళ్ళల్లో పుట్టిన ప్రతి పిల్లకూ పిల్లవాడికీ నేర్పే జవాబు అదొక్కటే. బాగాలేననడం దేవుని మీద ఫిర్యాదు చేసినట్టు. సువార్త నా భుజం గిల్లింది. "లేదు సార్, ఏం బాగాలే సార్" అంది. డాక్టరు నవ్వాడు. ఇది మెల్లగా తగ్గే జబ్బేనని, ఇప్పుడే శాశ్వతమని రాయడానికి లేదని, ఆరు నెలలాగి రమ్మని చెప్పాడు. ఆయన చెప్పింది తప్పు కాదు. నా మాట వినకపోయినా అదే రాసేవాడేమో. అయినా ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో సువార్త బయటికి చూస్తూ కూర్చుంది.

క్యాంపులకు పోయేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇది. బాగున్నానని అనకండి. బాగాలేనని కూడా అనకండి, అది ఎవరైనా అంటారు. నిన్న మీరు ఏ పని చెయ్యబోయి చెయ్యలేకపోయారో అది చెప్పండి. దొడ్డికి ఎట్లా పోయారో చెప్పండి. సిగ్గుపడితే మీ ఇంటివాళ్ళు ఇబ్బంది పడతారు.

మే

ఆరు నెలల గడువులో మా అమ్మ మొక్కుబడి వచ్చింది.

అప్పటికి పట్టీలు బిగించుకుని, ఒకరి భుజం పట్టుకుంటే ఇంట్లో అటూ ఇటూ తిరుగుతున్నాను. అమ్మకు అది చాలు. కృతజ్ఞత కూడిక పెట్టాలంది. సువార్త వద్దంది. వాళ్ళిద్దరూ అత్తాకోడళ్ళలాగా ఎప్పుడూ పోట్లాడుకున్నవాళ్ళు కారు. సువార్తకు మా అమ్మ సొంత మేనత్త.

"ఇప్పుడొద్దత్తా. ఆ సర్టిఫికెట్ రానీ. వచ్చినాక ఊరంతటికీ పెడదాం."

"దేవునికి మాటిచ్చినానే. ఆఫీసోళ్ళ కోసం ఆయన్ని ఆగమంటావా?"

"ఆయన ఆగుతాడత్తా. వాళ్ళే ఆగరు."

అమ్మ అన్నం మానేసింది. అలిగి మానేసిందని అనుకున్నాం, ఆమె మాత్రం ఉపవాసమంది. మూడోనాడు నేనే సరేనన్నాను. నన్ను చావు నోట్లోంచి లాగింది తన మాటేనని ఆమె నమ్ముతుంటే, ఆ మాట తప్పమని నేనెట్లా చెప్పేది?

ఆ ఆదివారం గుడి నిండిపోయింది. బయట షామియానా వేసి పెద్ద పెద్ద గుండిగల్లో అన్నం, పప్పు, మాంసం కూర చేశారు. పట్టీలను ప్యాంటు కప్పేసింది. గుమ్మం నుంచి ముందు దాకా సువార్త భుజం పట్టుకుని నడిచాను. చివర్న అమ్మ ఎదురుగా చేతులు చాపి నిలబడి ఉంది, చిన్నబిడ్డను నడిపించుకునేటప్పుడు నిలబడతారే అట్లా. నేను సువార్త భుజం వదిలేశాను. ఎందుకు వదిలానో తెలియదు. కొన్ని అడుగులు వేసి అమ్మ మీద పడిపోయాను. గుడంతా ఏడ్చింది. నేనూ ఏడ్చాను, అది నిజమైన ఏడుపే. అమ్మ నన్ను పట్టుకునే చెప్పింది. "నా కొడుకును దేవుడు బాగుచేసినాడు. మంచంలో పడినోడు ఈ పొద్దు మీ ముందర నడిచినాడు. వాని కాళ్ళు వానికి వచ్చినాయి." అందరూ ఆమెన్ అన్నారు.

తల ఎత్తి చూసేసరికి నాకు ఫోన్లు కనపడ్డాయి. పైకెత్తిన చేతుల్లో ఫోన్లు. అవి స్తుతించడానికి ఎత్తిన చేతులే, వాటిల్లోనే ఫోన్లు ఉన్నాయి. పాట నడుస్తుండగానే నాకు చలేసింది. మే నెల ఉక్కలో, అంతమంది మధ్య.

మళ్ళీ వానలు

రెండో క్యాంపులో ఇంకో డాక్టరు చూశాడు. సూదులు గుచ్చి, నరాలకు కరెంటు పెట్టి పరీక్ష చేయించాడు. పాదాలు ఇక పూర్తిగా రావని, లారీ తోలే మాట మరచిపొమ్మని చెప్పాడు. నెలల తర్వాత సర్టిఫికెట్ వచ్చింది. నా కాళ్ళు పోయాయని రాసిన కాగితాన్ని మేము పండుగ చేసుకున్నట్టు చూసుకున్నాం. దాన్ని పెట్టి పింఛనుకు అర్జీ వేశాం. ఆ తర్వాత లావణ్య ఫోనులో ఎప్పుడు చూసినా ఒకటే మాట, పరిశీలనలో ఉంది. ఈలోపల సువార్త పాస్‌పోర్టు వచ్చేసింది.

ఒకరోజు లావణ్య ఇంటికి వచ్చి గడపలోనే నిలబడింది. "అన్నా, మీరు బాగా నడుస్తారని పైకి కంప్లైంటు పోయింది. వీడియో కూడా పెట్టినారు. విచారణకు సారు వస్తారు, ఎప్పుడో తెలీదు."

ఎవరు పెట్టారో చెప్పలేదు. ఆ పిల్లకూ తెలియదు. నాకు ఇప్పటికీ తెలియదు. తెలిస్తే ఒకరి మీదే కోపం ఉండేది. తెలియక అందరి మీదా అనుమానం మిగిలింది. ఆ రోజు ఆమెన్ అన్నవాళ్ళల్లో, మా అన్నం తిన్నవాళ్ళల్లో ఒకరు. ఆదివారాలు గుడికి పోవడం మానేశాను.

ఎప్పుడు వస్తారో తెలియని మనిషి కోసం ఎదురుచూడడం ఎట్లా ఉంటుందో చెబుతాను. వీధి కిటికీ మూసి ఉంచాను. బయట స్కూటరు ఆగితే మంచం మీదికి చేరేవాణ్ణి. మంచం మీద పడుకోవాల్సిన పని లేదు, నేను దొంగను కాను, సర్టిఫికెట్ ఉంది. అయినా చేరేవాణ్ణి. నీళ్ళు తాగడానికి లేచినా ఎవరో చూస్తున్నారనిపించేది. గోడ అవతల ఎవరైనా దగ్గితే ఆగిపోయేవాణ్ణి. గ్లాసు చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయిన నన్ను చూసి మా చిన్నకూతురు, "ఏమైంది నాయనా" అని అడిగింది. ఫిజియోథెరపీ చేసే పిల్లవాడు నేర్పిన కసరత్తులు మానేశాను. చేస్తే కాళ్ళు బాగుపడతాయన్న భయం. బాగుపడతాయని భయపడే రోగి ఉంటాడని అంతకుముందు ఎవరైనా చెబితే నేను నమ్మేవాణ్ణి కాదు.

మధ్యాహ్నం కునుకు పట్టిందంటే కలలో లారీ వచ్చేది. వాలులో దిగుతుంటాను, లోడు నెడుతుంటుంది, బ్రేకు తొక్కుతాను. కలలో కాలు బాగానే పనిచేసేది. బండి ఆగేది. ఆగగానే ఎదురుగా జనం ఫోన్లు ఎత్తి నిలబడి ఉండేవాళ్ళు. "ఆపినాడు, కాలుతో ఆపినాడు" అని అరిచేవాళ్ళు. చెమటలు కారుతూ లేచేవాణ్ణి. బండి ఆగకపోయి ఉంటే బాగుండుననిపించేది.

ఒక ఉదయం మంచం మీద కూర్చుని పట్టీలు బిగించుకుంటున్నాను. కుడికాలి బొటనవేలు కదిలింది. నేను కదపాలని అనుకున్నాను, అది కదిలింది. ఏడాది పైన అయింది నేను చెప్పిన మాట అది విని. మళ్ళీ అనుకున్నాను. మళ్ళీ కొంచెం లేచింది. సంతోషం వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. తలుపు వైపు చూశాను, ఎవరూ లేరు. దుప్పటి లాగి పాదం మీద కప్పేశాను. సువార్త టీ తెచ్చింది. "ఏంది బావా, ముఖం అట్లుండాది?" అంది. ఏం లేదన్నాను. ఆ వేలు గురించి కట్టుకున్న భార్యకు చాలా రోజులు చెప్పలేదు. ఆమెకు చెబితే ఆమె కూడా భయపడుతుంది, ఆ భయం ఆమె ముఖంలో చూడడం నావల్ల కాదనుకున్నాను.

విచారణ సారు ఒక మధ్యాహ్నం లావణ్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు. కోపంగా మాట్లాడేవాడైతే నేను తట్టుకునేవాణ్ణి. కుర్చీలో కూర్చుని, నీళ్ళు తాగి, పట్టీలు విప్పి చూపించమన్నాడు. లేచి నడవమన్నాడు. పట్టీలు లేకుండా గోడ పట్టుకుని గడప దాకా పోయాను. వేళ్ళు నేలకు రాసుకుంటూ వచ్చాయి. బొటనవేలు కదులుతుందేమోనని నా ప్రాణమంతా అందులోనే ఉంది. సారు చూసి రాసుకున్నాడు. తర్వాత ఫోను తీసి వీడియో పెట్టాడు.

పాట, ఏడుపులు, అమ్మ గొంతు. వాని కాళ్ళు వానికి వచ్చినాయి.

అమ్మ లోపల గదిలో ఉంది. తన గొంతు విని తానే బయటికి వచ్చింది.

"ఇది నీ గొంతేనామ్మా?" అన్నాడు సారు.

"నా గొంతే సార్."

"నీ కొడుకు బాగుపడినాడని చెప్పినావే ఇందులో. కాగితంలో ఇంకో మాదిరి ఉంది. నేను ఏది రాసుకోవాలమ్మా? నువ్వే చెప్పు."

అమ్మ నా వైపు చూసింది. వంటింటి గుమ్మంలో నిలబడిన సువార్త వైపు చూసింది. లావణ్య తల దించుకుంది.

"బాగుపడలే సార్" అంది అమ్మ. "వాన్ని దొడ్డికి నేనే తీసుకుపోతాండా."

"మరి గుడిలో అట్లా ఎందుకు చెప్పినావు?"

"ముందే కృతజ్ఞత చెప్తే, మిగిలింది కూడా చేస్తాడని చెప్పినా."

సారు పెన్ను ఆపాడు. ఆయనకు అర్థమైందనే అనుకుంటాను. కానీ ఆయన రాసుకోవాల్సిన చోట ఆ మాటకు స్థలం లేదు. నెమ్మదిగా అడిగాడు. "అంటే, అప్పుడు చెప్పింది నిజం కాదని రాసుకోమంటావా?"

నేను అమ్మా అన్నాను. ఆమె నా వైపు తిరగలేదు.

"కాదని రాసుకోండి సార్."

అమ్మ చదువు మా గుడి ఆదివారపు బడిలో నేర్చుకున్నది, బైబిలు చదవడానికి సరిపడా. లావణ్య ఆ కాగితాన్ని గట్టిగా చదివి వినిపించింది. సంఘం ముందు నేను చెప్పిన సాక్ష్యం వాస్తవం కాదు అని ఉంది అందులో. అమ్మ సంతకం చేసింది. ఆ అక్షరాలు నేర్చుకున్నప్పుడు ఎంత శ్రద్ధగా రాసి ఉంటుందో అంతే శ్రద్ధగా రాసింది. సారు పోయేటప్పుడు ఆమెకు దండం పెట్టాడు.

ఆ పూట అన్నానికి ముందు ప్రార్థన అమ్మ చెయ్యలేదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ ప్రార్థన ఆమెదే. కంచం ముందర కూర్చుని ఎదురుచూశాం. కాసేపటికి సువార్త కళ్ళు మూసుకుని చేసింది.

ఇప్పుడు

పింఛను మంజూరైంది. లావణ్య పరుగున వచ్చి చెప్పింది. సువార్త లోపలికి పోయి, పాస్‌పోర్టు తీసి పెట్టె అడుగున, పిల్లల పాత బట్టల కింద పెట్టింది. ఆ రోజు బొటనవేలు సంగతి చెప్పాను. ఆమె నా పాదం ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. ఎందుకు దాచినావని అడగలేదు. సువార్త ఇంట్లో ఉంది, పిల్లలు బడికి పోతున్నారు. అనుకున్నది జరిగింది. జరిగిందని రాయడానికి నాకు మనసొప్పుతుంది, ఊరికే సంతోషపడడానికి ఒప్పదు. మళ్ళీ పరీక్షలకు పిలుస్తారని అప్పుడప్పుడు ఎవరో ఒకరు అంటుంటారు. నిజమో కాదో తెలియదు. స్కూటరు చప్పుడుకు నేను ఇంకా ఉలిక్కిపడతాను.

మస్తానన్నతో అప్పుడప్పుడు ఫోనులో మాట్లాడుతుంటాను. "భయం పోదప్పా, నువ్వే దానికి అలవాటు పడాల" అంటాడు. ఇట్లాంటి ఎదురుచూపుల్లో ఉన్నవాళ్ళకు నేను చెప్పదలచుకున్నది, కసరత్తులు మానొద్దు. ఎవరు చూసినా మానొద్దు. పది అడుగులు వేసినవాడు లారీ తోలలేడు, ఇల్లు నడపలేడు. ఆ మాట ఎవరు అడిగినా గట్టిగా చెప్పండి. నేను మానేసిన నెలలు నాకు తిరిగి రావు.

అమ్మ గుడికి పోతుంది. వెనక చాప మీద కూర్చుంటుంది. అయ్యగారు సాక్ష్యం చెప్పేవాళ్ళున్నారా అని అడిగినప్పుడు ఆమె లేవడం లేదని సువార్త చెప్పింది. మొన్న మా పెద్దపిల్లకు స్కూల్లో బహుమతి వచ్చింది. అయినా లేవలేదట. అయ్యగారు ఇంటికి వచ్చి మాట్లాడారు. దేవునికి నీ మనసు తెలుసమ్మా అన్నారు. "ఆయనకు తెలుసయ్యా" అంది అమ్మ. "సంతకం కూడా చూసినాడు గదా."

కసరత్తులు మళ్ళీ మొదలుపెట్టాను. పోయిన నెల ఒక ఉదయం, ఎండ ఇంకా గట్టిపడకముందు, వీధి తలుపు తీసి బయటికి వచ్చాను. పట్టీలు ఉన్నాయి, ఊతకు వాడే కర్ర మాత్రం తేలేదు. అమ్మ అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. నేను గోడ వదిలి పక్కింటి గేటు వైపు నడిచాను. పాదం కొంచెం లేస్తోంది, ఈడ్చుకుపోవడం లేదు. గేటు పట్టుకుని తిరిగి చూసేసరికి అమ్మ చేట పక్కన పెట్టి నిలబడి ఉంది. రెండు చేతులూ కొంచెం ముందుకు వచ్చాయి. కళ్ళు నిండాయి, పెదవులు కదిలాయి. ఇప్పుడు స్తుతి పాట ఎత్తుకుంటుందనుకున్నాను. ఆ పాట కోసమే నేను కర్ర తేలేదని అప్పుడు నాకు తెలిసింది.

అమ్మ వీధిలో అటు చూసింది. ఇటు చూసింది. చేతులు దించేసింది.

"లోపలికి రా నాయనా" అంది, గొంతు తగ్గించి. "ఎవరన్నా చూస్తారు."